చినత్సు బ్యాటు

గురువారం సాయంత్రం ఆరు కొట్టేసరికి సుమిరె గుమ్మంలో ఉండేది. ఆరుకు ముందు రాదు, ఆరు దాటాక రాదు. బెల్లు ఒక్కసారే నొక్కేది. బూట్లు విప్పి, వాటి మూతులు గుమ్మంవైపు తిప్పి పెట్టి, నడుం దాకా వంగి దణ్ణం పెట్టేది. ఆ దణ్ణం భాస్కరరావుకి కాదు, ఇంటికి పెడుతున్నట్టు ఉండేది.

భాస్కరరావు జర్మనీలో ష్వైన్‌ఫర్ట్ అనే ఊళ్ళో ఒక కర్మాగారంలో బేరింగుల నాణ్యత చూసే ఇంజనీరు. బ్లూ కార్డు వీసా మీద వచ్చి పదేళ్ళు దాటింది. బ్యాట్లకు గటింగ్ చెయ్యడం, అంటే తీగలు బిగించడం, అతని ఉద్యోగం కాదు. తెనాలి పక్కన పల్లెటూరి హైస్కూల్లో కనకయ్య డ్రిల్లు మాస్టారు బాల్ బ్యాడ్మింటన్ ఆడించేవాడు. ఆట రానివాళ్ళకు బ్యాట్లకు తీగలు బిగించే పని నేర్పేవాడు. భాస్కరరావుకి ఆట రాలేదు. పన్నెండో ఏట చెప్పులు కుట్టే ఆరె ఒకటి, రెండు చెక్క మేకులతో నేర్చిన పని అది. భార్య సుభద్ర పోయాక, ఆదివారాలు గడవక, ఎలక్ట్రానిక్ మెషీను కొని ఆమె కుట్టుపని చేసుకున్న గదిలోనే పెట్టాడు. ఊళ్ళో షటిల్ బ్యాడ్మింటన్ క్లబ్బు ఆ దేశపు పెద్ద లీగు బుండెస్‌లీగాలో ఆడుతుంది. ఆ జట్టు బ్యాట్లన్నీ అతని దగ్గరికే వచ్చేవి. మాట తక్కువ మనిషి, కట్టిన బిగువు ఒక్క పౌండు అటూ ఇటూ పోదు అని క్లబ్బులో పేరు.

సుమిరె ఆ క్లబ్బు డబ్బిచ్చి తెచ్చుకున్న జపాను క్రీడాకారిణి. ముప్ఫై రెండేళ్ళు. వచ్చి ఇది రెండో సీజను. భాస్కరరావు ఆమె గురించి ఎవరినీ అడగలేదు. ఇంటర్నెట్‌లో పాత ఆటలు చూశాడు. పదిహేనేళ్ళ వయసులో స్కూల్లో ఆమెకు చినత్సు అనే పిల్లతో జత కట్టారు. ఆ తరవాత ఇద్దరికీ ఒకే కంపెనీ జట్టులో ఉద్యోగం. పొద్దున ఆఫీసు, మధ్యాహ్నం కోర్టు, రాత్రి ఒకే హాస్టలు గది. పదమూడేళ్ళు డబుల్స్ ఆడారు, ఐదు దేశాల్లో కప్పులు గెలిచారు. సుమిరెది కుడిచెయ్యి, చినత్సుది ఎడమచెయ్యి. చినత్సు పొట్టిది, ముందు నిలబడేది. నెట్ దగ్గర ఎడమవైపు ఏది పడినా ఆమెదే. 2020లో ఒక మధ్యాహ్నం ప్రాక్టీసు మధ్యలో చినత్సు బూటు తాడు కట్టుకోవడానికి కోర్టు పక్కన కూర్చుంది. మళ్ళీ లేవలేదు.

సుమిరె ప్రతి గురువారం మూడు బ్యాట్లు తెచ్చేది. రెండు ఎర్రవి, తనవి. మూడోది తెల్లది. దాని పిడికి గ్రిప్పు ఎదురు చుట్టు చుట్టి ఉండేది. ఎడమచేతివాళ్ళు అలా చుడతారు.

"ఇది ఎవరిది?" అని మొదటిసారి అడిగాడు.

"చినత్సుది." పొడిపొడి ఇంగ్లీషు ఆమెది. "ఆడటానికి కాదు, రావ్-సాన్. తీగలు వదిలేస్తే ఫ్రేము చచ్చిపోతుంది. ఎప్పుడూ బిగువుగా ఉండాలి. ఇరవై నాలుగు పౌండ్లు."

అతను కట్టాడు. బిగువు, తేదీ రాసిన చీటీ మెడ దగ్గర అంటించాడు. అన్ని బ్యాట్లకూ అంటిస్తాడు. ఆమె చుట్టూ చూసింది. మూలన గుడ్డ కప్పిన కుట్టుమిషను దగ్గర ఆమె చూపు ఆగింది.

"ఎవరు కుడతారు?"

"ఎవరూ కుట్టరు. నా భార్యది. పోయింది."

ఆమె కుట్టుమిషనుకూ తల వంచింది. "నూనె వెయ్యండి. వెయ్యకపోతే చక్రం బిగుసుకుపోతుంది."

భాస్కరరావుకి ఒళ్ళు మండింది. నూనె సంగతి ఇంకొకరు చెప్పాలా. ఆ పాత ఇనప మిషను సుభద్ర ఫ్లోమార్క్ట్‌లో, పాత సామాన్ల సంతలో, బేరమాడి కొన్నది. దాని మీద ఈ చుట్టుపక్కల తెలుగు ఆడవాళ్ళందరికీ జాకెట్లు కుట్టింది. రొమ్ములో గడ్డ పెట్టుకుని ఎనిమిది నెలలు కుట్టింది. భర్తకి శాశ్వత నివాసానికి టెర్మిన్, ఆఫీసు పిలిచే తేదీ, దొరికి ఆ కాగితం చేతికొచ్చేదాకా చెప్పకూడదనుకుంది. కాగితం వచ్చింది. అప్పటికి డాక్టర్లు చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. ఆమె పోయిన రోజున అతను మిషను మీద గుడ్డ కప్పాడు. ఆ తరవాత ఒక్కసారి కూడా తియ్యలేదు. దాచినందుకు అతను ఆమెని క్షమించలేదు. ఆ మాట ఎవరితోనూ అనలేదు. అనడానికి ఎవరూ లేరు.

రెండో సీజను డిసెంబరులో ఒక గురువారం సుమిరె ఎర్ర బ్యాట్లు రెండూ బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది.

"ఇవి ఇరవై ఎనిమిది కదా. ఇకనుంచి ఇరవై ఐదు కట్టండి."

"సరే."

"చీటీ మీద ఇరవై ఎనిమిది అనే రాయండి. కోచ్ చూస్తాడు."

భాస్కరరావు బ్యాట్లు తిప్పి చూశాడు. మాటలు అబద్ధమాడొచ్చు, తీగ ఆడదు. ఇదివరకు ఆమె తీగలు నట్టనడుమ అరిగేవి, నాణెమంత మేర. ఇప్పుడు కిందా పైనా ఎక్కడపడితే అక్కడ అరిగాయి. ఒకటి ఫ్రేము అంచున తెగింది. చెయ్యి సమయానికి పైకి లేవడం లేదు. బిగువు తగ్గితే షటిల్ కాక్ దానంతటది ఎగురుతుంది, భుజానికి పని తగ్గుతుంది. భుజం పోయింది, దాస్తోంది.

అయినా 28 అని రాశాడు. ఎందుకు రాశాడో అతనికే తెలియదు. రాసిన దగ్గర్నుంచీ ఆమె మీద పగ మొదలైంది.

తెల్ల బ్యాటు సంగతి జనవరిలో కనబడింది. నెల క్రితం కొత్తగా కట్టిన తీగలు. ఆడటానికి కాదన్న బ్యాటు. నడుమ నాణెమంత మేర నూగు లేచి ఉంది. తీగల మధ్య కాక్ ఈక తునక ఒకటి ఇరుక్కుని ఉంది. అరుగుదల ఎడమచేతి దెబ్బలది. బేరింగు మీద గీత చూసి యంత్రం ఎటు తిరిగిందో చెప్పే మనిషి, అతను పొరబడడు. గ్రిప్పు మీద బొటనవేలి గుంట కూడా ఎడమచేతిదే. సుమిరె వేలికి అది సగం.

గుంట పాతదై ఉంటుంది, సుమిరె తన కుడి భుజం పోయింది కాబట్టి చాటుగా ఎడమచేత్తో సాధన చేస్తోంది అనుకున్నాడు. ఇంకో అబద్ధం. ఫిబ్రవరిలో తెల్ల ఫ్రేము అంచున ఎర్ర రంగు మరక కనబడింది. సుమిరె ఎర్ర బ్యాటు అంచున తెల్ల రంగు. ఇద్దరు మనుషులు ఒకే కాక్‌కి వెళితే బ్యాట్లు కొట్టుకుంటాయి. ఒక్క మనిషి ఆడితే రెండు బ్యాట్లు ఎలా కొట్టుకుంటాయో అతనికి అంతుపట్టలేదు. అంతుపట్టనిదాన్ని పక్కన పెట్టడం అతని అలవాటు. పెట్టాడు.

మార్చిలో ఒక శుక్రవారం శశికాంత్ వచ్చాడు. వరంగల్ మనిషి, ఐటీ ఉద్యోగం, ముప్ఫై ఆరేళ్ళు. క్లబ్బు మూడో జట్టులో ఆడతాడు. విదేశీ ఆటగాళ్ళతో ఇంగ్లీషులో మాట్లాడటానికి అతన్ని కమిటీలో వేసుకున్నారు.

"అన్నా, నా బ్యాటు అయిందా?"

"అయింది. ఈసారి నేలకేసి కొట్టకు. ఫ్రేము ఊరుకోదు."

"పాయింటు పోతే కోపమొస్తది గదనే."

"కోపమొస్తే నీ తలకేసి కొట్టుకో. దానికి నేను గటింగ్ చెయ్యక్కర్లేదు."

శశికాంత్ నవ్వి కుర్చీ లాక్కున్నాడు. "ఒక మాట అడుగుత. సుమిరె ఫెర్ట్రాగ్, అదే కాంట్రాక్టు, మే నెలకు ఖతం. సోమవారం కమిటీ ఉంది. ఇంకో రెండేండ్లకు రాయాల్నా, వద్దా అని. రాయకుంటే వీసా పోతది, ఆట పోతది. ఈ వయసుల ఇంకే క్లబ్బు తీసుకుంటది? భుజం బాగలేదని కోచ్‌కు అనుమానం. ఆమెను అడిగితే మంచిగుంది అంటది. నువ్వు బ్యాట్లు చూస్తవ్ గద. నీకెట్ల అనిపిస్తది?"

"ఆటగాళ్ళ సంగతి నాకేం తెలుసు. నేను తీగలు కట్టేవాణ్ణి."

"నీతోని మాట్లాడితే ఫైనాన్స్‌అమ్ట్ టాక్సోళ్ళతోని మాట్లాడినట్టే ఉంటది అన్నా. అడిగిన దానికి తప్ప అన్నిటికీ జవాబిస్తవ్."

"ఆదివారం ఆట చూసి చెబుతాను" అన్నాడు భాస్కరరావు.

ముందురోజు గురువారం సుమిరె ఎర్రవాటికి ఇరవై నాలుగు చాలంది, ముందటి వారం ఇచ్చివెళ్ళిన తెల్ల బ్యాటు అడిగింది. "ఇంకా కాలేదు, వచ్చేవారం ఇస్తాను" అన్నాడు. అప్పటికే కట్టి బీరువాలో పెట్టాడు. తీగ కొత్తది, గీత లేదు. ఆమె ముఖం పాలిపోయింది. "ఆదివారం ఆట ఉంది, రావ్-సాన్" అంది. "ఆడటానికి కాదన్నారుగా" అన్నాడు. ఆమె వెళ్ళాక బీరువాకి తాళం వేసి తాళంచెవి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఇక ఎడమచేత్తో ఎలా ఆడుతుందో చూద్దామనుకున్నాడు.

ఆదివారం రెండింటికి హాలు నిండింది. మహిళల డబుల్స్‌లో సుమిరెకు జత లేనా అనే జర్మన్ పిల్ల. పొడగరి, చురుకైనది, తొందరెక్కువ. మొదటి పాయింటు నుంచే భాస్కరరావుకి ఒక సంగతి తట్టింది. లేనా నెట్ దగ్గర ఉండాల్సినప్పుడు రెండడుగులు వెనక్కి ఉంటోంది. ముందు ఎడమవైపు ఖాళీ. గుడ్డివాడికి కూడా కనబడే ఖాళీ. అవతలివాళ్ళకు కనబడింది, అక్కడికే కొట్టారు. కొట్టిన ప్రతిసారీ కాక్ నెట్ తీగకి తగిలి వాళ్ళవైపే పడింది. లేకపోతే కొట్టబోయే పిల్ల చెయ్యి చివరి క్షణంలో తడబడి బయటికి పోయింది. ఎదుట ఎవరో బ్యాటు ఎత్తి నిలబడితే చెయ్యి అలా తడబడుతుంది.

పాయింటు అయ్యాక జతగాళ్ళు బ్యాట్లు తాకించుకోవడం ఆనవాయితీ. సుమిరె లేనా బ్యాటుకు తాకించేది. తరవాత తన బ్యాటును ఎడమవైపు, మోకాలి ఎత్తున, ఖాళీలోకి దించేది. అది గాలిలో ఊగాలి. ఊగలేదు. దేనికో ఆనినట్టు ఆగేది. మూడోసారి హాలు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు గ్యాలరీలో ఉన్న భాస్కరరావుకి ఆ చప్పుడు వినబడింది. ఫ్రేముకి ఫ్రేము తగిలిన చప్పుడు. నలభై ఏళ్ళుగా ఎరిగిన చప్పుడు.

అతను చొక్కా జేబు తడుముకున్నాడు. తాళంచెవి ఉంది.

గెలిచారు. శశికాంత్ మెట్లెక్కి పక్కన కూర్చున్నాడు. "చూసినవా అన్నా. ఆ భుజంతోని గెల్చింది. ఇంకోటి చెప్పనా, నవ్వద్దు. వెనకకెందుకు నిలబడ్డవే అని లేనాను అడిగిన. ముందట జాగ లేదంటది. ఆడేది ఇద్దరు, జాగ లేకపోవుడేంది?"

భాస్కరరావు నవ్వలేదు. బస్సు కోసం ఆగకుండా నడిచే ఇంటికి వచ్చాడు.

నాలుగింటికి బీరువా తీశాడు. వేసిన తాళం వేసినట్టే ఉండింది. లోపల తెల్ల బ్యాటు పెట్టిన చోటే ఉంది. గురువారం కట్టిన తీగల నడుమ నూగు లేచింది. ఈక తునకలు రెండు. అంచున పచ్చి ఎర్ర రంగు. నిలువు తీగ ఒకటి తెగి వేలాడుతోంది. పిడి పట్టుకుని చూశాడు. గ్రిప్పు చెమటతో తడిగా ఉంది. వెచ్చగా కూడా ఉంది.

చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. గోడకి ఆనుకుని చాలాసేపు నిలబడ్డాడు.

ఆ పనిలో ఒక నియమం ఉంది. ఒక తీగ తెగితే మిగతా తీగలన్నీ ఆ క్షణమే, నడిమి నుంచి అంచులకు, కత్తిరించెయ్యాలి. కొన్ని లాగుతూ కొన్ని లాగకపోతే ఫ్రేము వంకరపోతుంది, మళ్ళీ దారికి రాదు. కనకయ్య మాస్టారు మొదటి రోజు నేర్పింది అదే. "తెగిన బ్యాటు కనబడితే అన్నం ముందున్నా లేచి కొయ్యరా" అనేవాడు. భాస్కరరావు నలభై ఏళ్ళలో ఆ నియమం తప్పలేదు. చెయ్యి దానంతటదే కత్తెర దగ్గరికి వెళ్ళింది.

కత్తెర తీశాడు. తీసి ఆగాడు.

ఇద్దరూ కలిసి దాచారు అనుకున్నాడు. బతికున్నది భుజం దాచింది. చచ్చింది దాన్ని కాసుకుంది. ఒక మనిషి కోసం అంత దూరం నుంచి వచ్చేవాళ్ళు కూడా ఉంటారన్నమాట. తనకి ఎవరు వచ్చారు. నాలుగేళ్ళు ఇదే ఇంట్లో, ఇదే గదిలో కూర్చున్నాడు, ఒక్క చప్పుడు లేదు. బతికుండగా చెప్పని మనిషి చచ్చాక వచ్చి చెబుతుందా.

కత్తెర బల్ల మీద పెట్టాడు. బ్యాటు ఉన్నదున్నట్టు వదిలి బీరువాకి తాళం వేశాడు.

సోమవారం మధ్యాహ్నం ఫ్యాక్టరీ నుంచే శశికాంత్‌కి ఫోన్ చేశాడు.

"ఆమె బ్యాట్లకు బిగువు ఇరవై ఎనిమిది కాదు. ఇరవై ఐదు. డిసెంబరు నుంచీ. మొన్న ఇరవై నాలుగు అడిగింది. భుజం పోయింది."

"చీటీలు నువ్వే రాసినవ్ గద అన్నా."

"నేనే రాశాను. అందుకే చెబుతున్నాను."

"నిన్న గెల్చింది ఆమె. చెప్పకుంటే ఏం పోతుండె?"

"దాస్తే ఏం పోతుందో నాకు తెలుసు."

"నీకు తెలుసు సరే." శశికాంత్ గొంతులో వేళాకోళం లేదు. "ఆమెకు ఏం పోతదో తెలుసా?"

భాస్కరరావు ఫోన్ పెట్టేశాడు. ఆ సాయంత్రం కమిటీ ఫెర్ట్రాగ్ రాయలేదు. శనివారం సీజను చివరి ఆట, ఆ ఒక్కటీ ఆడనిచ్చి పంపాలని తీర్మానించారు.

గురువారం ఆరింటికి బెల్లు ఒక్కసారి మోగింది. సుమిరె బూట్లు విప్పింది, తిప్పి పెట్టింది, వంగింది. చేతిలో ఎర్ర బ్యాట్లు లేవు.

"తెల్లది ఇవ్వండి."

అతను బీరువా తీశాడు. గుడ్డులా ఉండాల్సిన తల ఒక పక్కకి లాగేసి ఉంది. మెడ దగ్గర వెంట్రుకంత పగులు. సుమిరె రెండు చేతులా అందుకుంది. తెగిన తీగ కొసని వేలితో తాకింది.

"ఎప్పుడు తెగింది?"

"ఆదివారం. నాలుగింటికి చూశాను."

"కొయ్యలేదు."

"కొయ్యలేదు."

తెలియక జరిగింది కాదని ఆమెకి తెలుసు. అతని పని ఆమెకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. చాలాసేపు అతని ముఖం చూడకుండా బ్యాటునే చూసింది.

"భుజం సంగతి మీరు చెప్పారు" అంది. "సరే. అది నిజం. ఆ భుజం నాది." బ్యాటు ఎత్తి చూపింది. "ఇది నాది కాదు, రావ్-సాన్."

అతను బల్ల మీది కత్తెరని సొరుగులోకి తోశాడు.

"చినత్సుని కప్పులు అడగలేదు నేను. ఇంకో రెండేళ్ళు తోడు ఉండమన్నాను. ఆ తరవాత దీన్ని వాళ్ళ అమ్మకి ఇచ్చేద్దామనుకున్నాను."

బ్యాటును తువ్వాల్లో చుట్టింది, పసిపిల్లని చుట్టినట్టు. వెళ్ళేటప్పుడు కుట్టుమిషను వైపు వంగి దణ్ణం పెట్టింది. భాస్కరరావుకి పెట్టలేదు.

శనివారం ఆట చూడటానికి వెళ్ళకూడదనుకున్నాడు, వెళ్ళాడు. లేనా నెట్ దాకా వెళ్ళి హాయిగా నిలబడింది. జాగా ఉంది. ముందు పడిన కాక్‌లు లేనా తీసింది, వెనక పడినవి సుమిరెకు అందలేదు. చెయ్యి చెవి దాటి లేవలేదు. మొదటి పాయింటు అయ్యాక ఆమె అలవాటు కొద్దీ బ్యాటును ఎడమవైపు కిందికి దించింది. అది ఆగలేదు. ఖాళీలో ఊగి కాలికి తగిలింది. ఆమె అలాగే వంగి ఉండిపోయింది. అంపైరు రెండుసార్లు పిలిచాడు. ఆ తరవాత మళ్ళీ దించలేదు. ఇరవై ఒకటి–తొమ్మిది, ఇరవై ఒకటి–ఏడుతో ఓడిపోయారు. ఆట అయ్యాక కోర్టుకి నాలుగు వైపులా వంగి దణ్ణం పెట్టి బయటికి నడిచింది. పదిహేడేళ్ళ ఆట అలా ముగిసింది.

మే మొదటివారంలో శశికాంత్ వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. గుమ్మంలోనే చిన్న పొట్లం ఇచ్చాడు.

"సుమిరె జపాను పోయింది. ఇది నీకు ఇయ్యమన్నది."

"ఏమన్నా చెప్పిందా?"

"ఏం చెప్పలే." మెట్లు దిగుతూ ఆగాడు. "నా బ్యాటు ఇకనుంచి వేరేకాడ ఇస్తున్నలే అన్నా. ఏమనుకోకు."

పొట్లంలో వేలెడంత సీసా. కుట్టుమిషను నూనె.

భాస్కరరావు దాన్ని బల్ల మీద పెట్టి రెండు రోజులు చూడనట్టు తిరిగాడు. మూడో రోజు, ఆదివారం పట్టపగలు, కిటికీ తెర పక్కకి లాగి, మిషను మీద గుడ్డ తీశాడు. నాలుగేళ్ళకు మొదటిసారి. ఇనుమంతా తుప్పు పట్టింది. చక్రం తిప్పబోయాడు. కదల్లేదు. నూనె పోశాడు, ఆగాడు, మళ్ళీ తిప్పాడు. బిగుసుకుపోయింది.

సూది పాదం కింద అతని చొక్కా ఒకటి ఉంది. సుభద్ర పోయాక ఏడాదికి కొన్న చొక్కా, ఎక్కడో పారేసుకున్నాననుకున్న చొక్కా. చిరిగిన చంక దగ్గర మడిచి, కుట్టడానికి సిద్ధంగా పెట్టి ఉంది. ఒక్క కుట్టు కూడా పడలేదు.

వెలుగు పడేలా చక్రాన్ని చూశాడు. చుట్టూ ఎర్రటి తుప్పు. ఒక్కచోట మాత్రం తుప్పు రాలి ఇనుము తెల్లగా మెరుస్తోంది. నాలుగు వేళ్ళు పట్టినంత మేర. ఒకసారి పట్టి వదిలింది కాదు. పట్టి పట్టి తిప్పబోతే అరిగినచోటు.

తన వేళ్ళు ఆ మెరిసే గుర్తుల మీద ఆనించి చూశాడు. అవి అతని వేళ్ళ కంటే సన్నవి.